గోడ మీది తోట

యుగంధర్ లెక్కలో ఈ లోకంలో తెలివైనవాళ్ళు బహు తక్కువ. పలాస, కాశీబుగ్గ రెండూ కలిపి చూసినా ఒక్కడే తేలతాడు. ఆ ఒక్కడెవరో చెప్పడానికి అతనికేమీ మొహమాటం లేదు గాని, అడిగేవాళ్ళే లేకపోయారు.

కాశీబుగ్గ బస్టాండు దగ్గర ఒక లాప్‌టాప్ రిపేరు షాపులో ఏడేళ్ళుగా అతనే పెద్ద మెకానిక్కు. జీడిపప్పు ఫ్యాక్టరీ గుమాస్తాలు కీబోర్డు నిండా జీడి పొట్టుతో తెచ్చిన లాప్‌టాప్‌ని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో ఎత్తి, "ఇది కంప్యూటరా, చెత్తబుట్టా?" అనేవాడు. విండోస్ వాడేవాళ్ళంటే అతనికి కోపం లేదు, జాలీ లేదు, వాళ్ళని మనుషుల్లో జమకట్టడమే మానేశాడు. తను దానికి బదులు లినక్సు వాడతాడు. పెన్‌డ్రైవు కొనుక్కుని పోదామని వచ్చినవాడికి కూడా ఆ సంగతి చెప్పి గాని పంపడు.

అతని లాప్‌టాప్‌లో బొమ్మని తెర మీదకి తెచ్చే చిప్పులు రెండున్నాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉండే చిన్నది. అది ఇంట్లో గ్యాసు పొయ్యి లాంటిది, రోజూ వంటకి చాలు, ఖర్చు తక్కువ. రెండోది విడిగా ఉండే పెద్ద గ్రాఫిక్స్ కార్డు. అది పెళ్ళివంటలకి తవ్వే గాడిపొయ్యి, పని గొప్పగా చేస్తుంది, బ్యాటరీని గంటలో మింగేస్తుంది. దీన్నే హైబ్రిడ్ గ్రాఫిక్స్ అంటారు. యుగంధర్ పెట్టుకున్న పద్ధతిలో ఏ పొయ్యి వెలగాలో మనిషే చెప్పాలి. ఒక ఆదేశం కొట్టి, మెషిన్ని ఆపి మళ్ళీ వేస్తే పెద్దది పడుకుంటుంది, లేదా లేస్తుంది. ఇంకొక్క సంగతి. ఆ లాప్‌టాప్‌కి ప్రొజెక్టరు తీగ పెట్టే రంధ్రం పెద్ద కార్డుకే కలిపి ఉంది. పెద్దది పడుకుంటే ఆ రంధ్రం కూడా చచ్చినట్టే.

ఇది యుగంధర్‌కి తెలియదనుకునేరు. భేషుగ్గా తెలుసు. ఇదే లాప్‌టాప్ కొనుక్కున్న ఒక కాలేజీ లెక్చరర్‌ని షాపులో పదిమంది ముందు నిలబెట్టి, "రంధ్రం ఎటు కలిసిందో కూడా తెలీకుండా కొనేస్తారండీ!" అని ఆయన మొహం మాడ్చి పంపాడు.

ఇక అతని మేనత్త ఎర్రమ్మ కథ. తండ్రికి అక్క. అక్కుపల్లి దాటాక సముద్రం వైపు, గెడ్డ అనే వాగుకి అవతల, ఆవిడకి ఎనభై సెంట్ల ఇసక నేల ఉంది. ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి. సాగులో ఉన్నంతకాలం ఆవిడది, బీడు పెడితే ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. తిత్లీ తుపానుకి అందులోని జీడి చెట్లన్నీ తెల్లారేసరికి వేళ్ళతో సహా లేచిపోయాయి. ఎర్రమ్మ మళ్ళీ మొక్కలేసింది. రెండు వేసవులు గెడ్డలోంచి బిందెలతో నీళ్ళు మోసి పోసింది. ఇప్పుడక్కడ నలభై మూడు జీడి చెట్లు, ఆరు కొబ్బరి చెట్లు, ఒక పనస చెట్టు.

చుట్టూ ఉన్న నేలంతా గోపాలరావు గారిది. ఆయన కొడుకు ధీరజ్‌కి అక్కడ రొయ్యల చెరువులు తవ్వించాలని బుద్ధి పుట్టింది. మధ్యలో ఈ ఎనభై సెంట్లు అడ్డం. ఆ భూమి తుపాను నాటినుంచీ బీడుగా ఉంది, పట్టా రద్దు చెయ్యండి అని అర్జీ పెట్టాడు. వెళ్ళి చూస్తే తేలిపోయేదే గాని, అక్టోబరు వానలకి గెడ్డ పొంగి మెడలోతు నీళ్ళు పారుతున్నాయి. రెండు వాయిదాలు అలాగే గడిచాయి. మూడోసారి తహసీల్దారు గోవిందరావు ఖండితంగా చెప్పేశాడు. గురువారం పదిన్నరకి తుపాను షెల్టరులో విచారణ. ఎవరి రుజువు వాళ్ళు తెచ్చుకోవాలి. సరైన కారణం కాగితం మీద లేకపోతే మరో వాయిదా ఉండదు, అక్కడే ఉత్తర్వు రాస్తాడు.

యుగంధర్ ఈ పని నెత్తిన వేసుకున్నాడు. అత్త మీద ప్రేమతో అనుకుంటే పొరపాటు. లాప్‌టాప్‌ని 'పెట్టె' అనే మనిషి మీద అతనికి ప్రేమ పుట్టడం కష్టం. ధీరజ్, అతనూ టెక్కలిలో ఇంజినీరింగు ఒకే బెంచీ మీద చదివారు. అతను రాత్రింబవళ్ళు చదివి కాశీబుగ్గలో స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు, ధీరజ్ ఏమీ చదవకుండా కారెక్కాడు. ఊరందరి ముందూ గోడమీద ఆ తోటని ఇంతెత్తున వేసి, ఒక్కో చెట్టునీ లెక్కపెట్టి చూపించి, ధీరజ్ మొహం చూడాలి. అదీ అతని కోరిక.

పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు చిట్టిబాబు దగ్గర డ్రోను తెచ్చాడు. గెడ్డ ఇవతల నిలబడి ఎగరేసి నాలుగు వందల ఫొటోలు తీశాడు. పెద్ద కార్డుని రెండు పగళ్ళు మండించి అన్నిటినీ ఒకే పటంగా అతికించాడు. నిజం చెప్పాలంటే పని గొప్పగా చేశాడు. ఆకు ఆకూ కనపడుతోంది.

గురువారం పొద్దున్న బండి మీద బయల్దేరి, వజ్రపుకొత్తూరులో టీకి ఆగాడు. షెల్టరులో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, బ్యాటరీ పాతది. టీ చల్లారేలోపు లాప్‌టాప్ తెరిచి పెద్ద కార్డుని పడుకోబెట్టి, చిన్నదానితో మెషిన్ని మళ్ళీ వేశాడు. ఇప్పుడు మూడు గంటలు ఢోకా లేదు. టీ కొట్టువాడు వంగి చూస్తుంటే, "నీకర్థం కాదులే" అని మూత వేసేశాడు. ఆ గర్వంలోనే ప్రొజెక్టరు సంగతి బుర్రలోంచి జారిపోయింది.

తుపాను షెల్టరు పైగదిలో ముప్ఫై మంది దాకా పోగయ్యారు. తహసీల్దారు ఒక బల్ల దగ్గర కూర్చున్నాడు. ప్రొజెక్టరు రిటైరైన హెడ్మాస్టరు సన్యాసిరావు గారిది. పిల్లలకి పాఠాలు చూపించడానికి ఎప్పుడో సొంతంగా కొనుక్కున్నారు. బయట వాన పడుతున్నా దాన్ని గోనెసంచిలో చుట్టి గుండెకి హత్తుకుని మోసుకొచ్చారు.

ముందు ధీరజ్ వంతు. తన లాప్‌టాప్‌కి తీగ తగిలించాడు. గోడ మీద బొమ్మ పడింది, అంతే. తుపాను మర్నాడు తీసిన ఫొటోలు. పడిపోయిన చెట్లు, బోసి ఇసక. "ఇదండీ సార్ అక్కడి పరిస్థితి" అని కూర్చున్నాడు. ఏడేళ్ళ నాటి ఫొటోలు ఇవాళ్టివన్నట్టు చూపించడానికి మొహంలో ఎంత నిబ్బరం కావాలో అంతా ఉంది అతనికి.

"ఈ ఫొటోల మీద తారీఖు లేదు" అన్నాడు తహసీల్దారు. "సరే, ఎర్రమ్మ తరఫున ఎవరు?"

యుగంధర్ లేచాడు. తీరిగ్గా నడిచొచ్చి, ధీరజ్ లాప్‌టాప్‌ని పక్కకి తోసి, తనది పెట్టి మూత తీశాడు. తెర మీద తోట విచ్చుకుంది. పక్కనే నిలబడ్డ ఎర్రమ్మ వంగి చూసింది.

"ఓలమ్మా! అది మా పనస సెట్టు కాదేటి!" అంది. "అదిగో, మూల నున్న కొబ్బరి సెట్టు. దాని మొవ్వ ఒంకర, సూడు! ఇదంతా పైనుండి ఎలాగ తీసినావురా?"

"ఉండత్తా, గోడ మీద సూద్దువు గాని" అని యుగంధర్ తీగ తగిలించాడు.

ధీరజ్ తీగ ఊడదీసినప్పుడు ఖాళీ నీలంగా మారిన గోడ నీలంగానే ఉంది. తీగ తీసి మళ్ళీ పెట్టాడు. నీలం. తీగ చివరని ఊది పెట్టాడు. నీలమే.

"మాస్టారూ, ఎక్కడ కొన్నారండీ ఈ తీగ? సంతలోనా?" అన్నాడు అందరికీ వినపడేలా.

"ఇప్పుడే గదయ్యా ఆ బాబుకి పనిచేసింది" అన్నారు సన్యాసిరావు గారు.

"దానికీ దీనికీ తేడా ఉంటుందండీ. మీకు చెప్పినా తెలీదు. ఇంట్లో ఇంకో తీగ ఉంటే తెండి."

అరవై ఆరేళ్ళ మనిషి గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళారు. ఈలోగా యుగంధర్ ప్రొజెక్టరుని తట్టాడు, స్విచ్చుబోర్డుని తిట్టాడు. తహసీల్దారు కళ్ళజోడు తుడుచుకుని, "బాబూ, నీ లాప్‌టాప్‌లో కనపడుతోంది గదా. అక్కడికే వచ్చి చూస్తాను. ఏం పోయింది?" అని కుర్చీ వెనక్కి జరిపాడు.

ఒక్కడుగు పక్కకి తప్పుకుని "రండి సార్" అంటే సరిపోయేది. ఆయన చూసేవాడు, ఎర్రమ్మ చెట్లు చూపించేది, పావుగంటలో పట్టా నిలిచేది. కాని అది యుగంధర్ కోరుకున్న సభ కాదు. ఒక ముసలాయన తన భుజం మీదుగా తొంగి చూడటానికా అతను రెండు పగళ్ళు కష్టపడింది? ధీరజ్ వెనక బెంచీలో ఫోను చూసుకుంటున్నాడు. అతనికేం కనపడుతుంది?

"ఇందులో మీకు సరిగ్గా కనపడదు సార్" అన్నాడు. "గోడమీదే చూపిస్తాను. రెండు నిమిషాలు."

తహసీల్దారు మళ్ళీ కూర్చున్నాడు. సన్యాసిరావు గారు తడిసి ముద్దయి ఇంకో తీగ తెచ్చారు. దాన్నీ పెట్టాడు. గోడ నీలం. "ఇదీ పోయిందే" అన్నాడు. ఆ పెద్దాయన తువ్వాలుతో తల తుడుచుకున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది యుగంధర్‌కి. టీ కొట్టు, చల్లారుతున్న టీ, తన చేత్తో తనే పడుకోబెట్టిన పెద్ద కార్డు. తీగ మంచిదే. ప్రొజెక్టరు మంచిదే. ఊళ్ళో కరెంటు కూడా మంచిదే. ఈ గదిలో తెలివితక్కువ పని చేసినవాడు ఒక్కడే. ఎవరన్నా ఆ మాట పసిగట్టారా అని చుట్టూ చూశాడు. ఎవరికీ ఏమీ తెలియదు. వాళ్ళకి తెలియదన్న ధీమా ఎంత హాయిగా ఉందో!

ఇప్పటికీ మించిపోలేదు. తోట తెర మీద అలాగే ఉంది. "సార్, ఇక్కడే చూడండి" అనొచ్చు. కాని ముప్పావు గంట తీగల్నీ మాస్టారునీ తిట్టి, ఇప్పుడా మాట అంటే ధీరజ్ నవ్వడూ? చల్లగా పెద్ద కార్డుని లేపి, మెషిన్ని ఒకసారి ఆపి వేస్తే సరి. ఒకటిన్నర నిమిషం. గోడ మీద తోట పడుతుంది, తప్పు తీగ మీదే ఉండిపోతుంది. ఆదేశం కొట్టాడు. తెర మీది తోట మాయమైంది.

"ఏటిరా, తీసీసినావు?" అంది ఎర్రమ్మ.

"వత్తాదిలే అత్తా. నువ్వు కూకో."

రాలేదు. తెర నల్లగా ఉండిపోయింది. ఎడమ మూల చిన్న గీత ఒకటి వెలిగి ఆరుతోంది. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది యుగంధర్‌కి. ముందురోజు సాయంత్రం షాపులో ఊసుపోక సిస్టం మొత్తం అప్‌డేట్ చేశాడు. కొత్తది ఏదొచ్చినా ఆ పూటే తన మెషిన్లో ఉండాలన్నది అతని వ్రతం. లినక్సు గుండెకాయ లాంటి కెర్నెలు కొత్తదొచ్చింది. దానికి సరిపడేలా పెద్ద కార్డుని నడిపించే డ్రైవరు ప్రోగ్రాముని కూడా మళ్ళీ కట్టాలి. ఆ పని మధ్యలో ఆగిపోయిందని తెర మీద రెండు ఎర్ర వరసలు వచ్చాయి. రేపు చూద్దాంలే అని మూసేశాడు. పొద్దున్న చిన్న కార్డుతో ఏ గొడవా లేకుండా లేచింది కాబట్టి ఆ ఎర్ర వరసలు మళ్ళీ గుర్తు రాలేదు.

అలాంటప్పుడు పాత కెర్నెలుతో లేపుకోవడానికి మొదట్లో ఒక జాబితా కనపడుతుంది. మామూలు మనుషుల మెషిన్లలో కనపడుతుంది. ఇతను మూడు సెకన్లు కలిసొస్తాయని దాన్ని దాచేశాడు. మెషిన్ లేచే సరైన క్షణంలో ఒక మీట నొక్కితే ఇప్పటికీ బయటికొస్తుంది గాని, ఆ కంగారులో ఆ క్షణం అతనికి చిక్కలేదు. రెండుసార్లు ఆపి వేశాడు. రెండుసార్లూ నల్ల తెర, మూల గీత.

"బావా" అని కాలేజీ రోజుల చనువుతో పిలిచాడు ధీరజ్. ఫోను జేబులో పెట్టి, కాలు మీద కాలు వేసుకుని, పెళ్ళికొచ్చినంత సరదాగా ఉన్నాడు. "నా లాప్‌టాప్ ఇమ్మంటావేటి? పెన్‌డ్రైవులో తెచ్చుంటావు గదా ఆ ఫైలు."

తేలేదు. పెన్‌డ్రైవులో నకలు పెట్టుకోవడం, భయంతో బతికేవాళ్ళు చేసే పని అని అతని అభిప్రాయం. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వినవాడిది ఏ ఊరో, ఏం చదివాడో కనుక్కోవాలన్నంత కోపం వచ్చింది యుగంధర్‌కి. తల మాత్రం ఎత్తలేదు.

పన్నెండు కావస్తోంది. తహసీల్దారు ఫైలు తెరిచి కలం తీశాడు. "ఎర్రమ్మా, ఇంకెంతసేపు ఆగను? బొమ్మ లేకపోతే పోయింది. నీ తోట గురించి నువ్వు చెప్పదలచుకున్నది చెప్పు. రాసుకుంటాను."

పది రోజులుగా ఎర్రమ్మ ఈ మాటల కోసమే తయారవుతోంది. ఏ చెట్టు ఏ నెలలో వేసింది, ఏది మొదట పూసింది, ఏ మొక్కకి చెదలు పడితే వేపాకు నూరి పోసింది, అన్నీ వల్లెవేసుకుంది. పొద్దున్న మెట్లెక్కుతూ కూడా పెదాలు కదుపుతూనే ఉంది. లేచి నిలబడి పైట సర్దుకుంది. మేనల్లుడి వైపు చూసింది. అతను నల్ల తెర మీదకి వంగి ఉన్నాడు, మెడ మీద చెమట ధారకట్టింది. వెనక బెంచీల్లో ఇంకా నవ్వు ఆగలేదు. ఆవిడ వల్లెవేసుకున్నదంతా అక్కడే ఆగిపోయింది.

"బాబూ, మావోడి తప్పేటీ నేదు" అంది. "కరెంటు సరిగ్గా రాటం నేదు. ఇందాకట్నుండి నాను సూత్తన్నాను గదా, వత్తంది, పోతంది. ఆడు పెద్ద సదువు సదివినోడు బాబూ. ఆడికి రానిది ఏటుంది? కరెంటే పాడుది."

తల మీద రెండు ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. పొద్దున్నుంచి ఒక్క క్షణం ఆగలేదు. తహసీల్దారు తలెత్తి ఫ్యాన్ల వైపు చూశాడు, తర్వాత ఎర్రమ్మ వైపు చూశాడు. ఆవిడ కూడా అప్పుడే చూసింది ఫ్యాన్లని. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"సరే. తోట గురించి?" అన్నాడాయన.

"మావోడే సూపిత్తాడు బాబూ."

కలం కాగితం మీద ఆనింది. "ఆధారం చూపలేకపోయారు అని రాస్తున్నాను" అన్నాడు తహసీల్దారు. "కరెంటు ఉంది, ప్రొజెక్టరు అవతలి వాళ్ళకి పనిచేసింది. వాయిదాకి కారణం నాకేమీ కనపడటం లేదు. ఏమయ్యా, నువ్వేమైనా చెప్తావా?"

యుగంధర్ తలెత్తాడు. సరైన కారణం కాగితం మీద ఉంటే వాయిదా ఇస్తానని ఆయన ముందే అన్నాడు. కారణం ఉంది. లోకంలో దాన్ని ఎరిగినవాడు తనొక్కడే. చెప్పకపోతే తన పేరు నిలుస్తుంది, ఎనభై సెంట్లు పోతాయి. ఇంత చిన్న లెక్క తేల్చుకోవడానికి ఆ మహామేధావికి చాలాసేపు పట్టిందంటే నమ్మండి. తహసీల్దారు ఒక వరస రాసి రెండో వరసలోకి దిగాడు.

"సార్" అన్నాడు యుగంధర్. "అంటే సార్, ఇందులో హైబ్రిడ్ గ్రాఫిక్స్ ఉంటుందండీ. అవుట్‌పుట్ పోర్టు డిస్క్రీట్ జీపీయూకి వైరింగ్ అవడం వల్ల, ఇంటిగ్రేటెడ్ మోడ్‌లో బూట్ అయినప్పుడు..."

"తెలుగులో చెప్పు."

"ప్రొజెక్టరు పనిచెయ్యడానికి కావలసిన భాగం ఆగిపోయి ఉందండీ."

"ఎవరాపారు?"

వెనక బెంచీ కిర్రుమంది. ధీరజ్ ముందుకి వంగాడు. సన్యాసిరావు గారు తువ్వాలు చేత్తో పట్టుకుని చూస్తున్నారు.

"నేనే" అన్నాడు యుగంధర్. గొంతు అతనికే వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "పొద్దున్న నేనే ఆపాను సార్. మర్చిపోయాను. తీగ మంచిదే. ప్రొజెక్టరు మంచిదే."

"ఎప్పుడు గుర్తొచ్చింది?"

ఈ ప్రశ్న ఆయన అడగకుండా ఉంటే బాగుండేదని యుగంధర్ ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో తెలియదు. "ఇందాకే సార్. బొమ్మ ఇంకా తెర మీద ఉన్నప్పుడే."

"నేను వచ్చి చూస్తానన్నాను గదయ్యా!"

తహసీల్దారు ఒక తెల్ల కాగితం అతని ముందుకి తోశాడు. "ఇప్పుడన్నదంతా రాసి సంతకం పెట్టు." యుగంధర్ రాశాడు. ఎన్నాళ్ళకో కలం పట్టిన చెయ్యి, అక్షరాలు పెద్దగా, వంకరగా పడ్డాయి. రికార్డులో ఉండాలి కాబట్టి తహసీల్దారు దాన్ని అందరికీ వినపడేలా చదివాడు. "ప్రొజెక్టరుకు అవసరమైన భాగాన్ని ఈరోజు ఉదయం నేనే ఆపివేశాను. మరిచిపోయాను. తెలిసిన తరువాత కూడా చెప్పలేదు. కరెంటు సక్రమంగానే ఉంది. ఇందులో ఎర్రమ్మ గారి తప్పు లేదు."

ఈసారి నవ్వు కిసుక్కున రాలేదు, గదంతా వచ్చింది. ధీరజ్ తొడ చరుచుకున్నాడు. యుగంధర్ దాన్ని నిలబడి భరించాడు. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంటలోనే ఒక మూల కాస్త గొప్పగా కూడా అనిపించింది. అత్త కోసం ఇంత పని చేశాను, ఎవడు చేస్తాడు అనుకున్నాడు. అలవాటు ఊరికే పోదు.

"ఎనిమిది రోజులు వాయిదా" అన్నాడు తహసీల్దారు ఫైలు మూస్తూ. "వానలు తగ్గుతున్నాయి. గెడ్డ దిగాక నేనే వెళ్ళి కళ్ళతో చూస్తాను. పెట్టెలు, గోడలు ఏమీ వద్దు. ఎర్రమ్మా, ఆరోజు నువ్వు తోటలో ఉండి, ఏ చెట్టు ఎప్పుడు వేశావో నాకు చెప్పాలి." ఆ మాట అంటూ ఆయన ఆవిడ వైపు ఒకసారి, తల మీది ఫ్యాన్ల వైపు ఒకసారి చూసి, గొడుగు తీసుకుని మెట్లు దిగాడు.

జనం వెళ్ళిపోయారు. సన్యాసిరావు గారు ప్రొజెక్టరుని గోనెసంచిలో చుట్టుకుంటుంటే యుగంధర్ సాయం పట్టబోయాడు. "ఒద్దులే నాయనా" అని ఆయనే ఎత్తుకున్నారు.

ఎర్రమ్మ షెల్టరు మెట్ల మీద కూర్చుని ఉంది. వాన వెలిసింది. యుగంధర్ లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని వచ్చి, రెండు మెట్లు కింద ఆగాడు. మెచ్చుకుంటుందని కాదు గాని, ఒక మంచి మాట వస్తుందనుకున్నాడు. తోట నిలబడింది గదా, ఎనిమిది రోజులకైనా.

"పద అత్తా, బండి మీద దించేత్తాను" అన్నాడు.

ఆవిడ కదలలేదు. కోపంగా లేదు. పది రోజులుగా వల్లెవేసుకున్న మాటలు ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టుంది మొహం.

"నిజం సెప్పీవోడివి, నాకంటే ముందు సెప్పాల కదరా" అంది. "నీ మొకం పదిమందిలో సిన్నబోతందని నాను అబద్దమాడినాను. నా నెత్తి మీద ఎంట్రుకలు నెరిసిపోనాయి గాని, ఆపీసరు ముందర ఎప్పుడూ అబద్దమాడి ఎరగను. నువ్వు కూకుని ఇన్నావు. ఇని ఊరుకున్నావు. ఆనక లెగిసి, కరెంటు బాగానే ఉందని కాయితం మీద రాసినావు. ఆ బాబు పెద్దగా సదివినాడు. అందరూ ఇన్నారు."

"నీ కోసమే గదత్తా రాసింది."

"నాకోసమే రాసినావు. కాదన్ను." ఆవిడ లేచి చీర కుచ్చెళ్ళు దులుపుకుంది. "రేపు గెడ్డ దిగినాక ఆ బాబు వత్తాడు. ఈ సెట్టు నాను పలానా ఏడు ఏసినాను బాబూ అంటాను. ఫ్యాన్లు తిరగతంటే కరెంటు నేదన్న మనిషిని, నా మాట ఆయన నమ్ముతాడేటిరా?"